ఉక్కురెక్క ఎడమ కాలు

మార్చి 2, సోమవారం

ఉక్కురెక్క మళ్లీ వస్తున్నాడు. ఇది ఐదో రాక. నాలుగో భాగం చివర్లో లోకాన్ని కాపాడటానికి సూర్యుడిలోకి ఎగిరిపోయి చచ్చాడు. నేను నమ్మాను. పద్దెనిమిదేళ్లుగా సినిమాలు చూసి రాయడమే ఉద్యోగంగా బతుకుతున్న మనిషి అంత అమాయకంగా నమ్మకూడదు. పోస్టర్ మీద ఉన్నాడు, ఒక్క వెంట్రుక కూడా కమలలేదు.

సినిమా పేజీ ఎడిటర్ ప్రెస్ షో పాస్ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"ఈసారి ఇంకెవరికైనా ఇవ్వండి. ఈ ముసుగువీరుల్ని చూసీ చూసీ నాకు ఆకాశం వంక చూడాలన్నా విసుగొస్తోంది," అన్నాను.

"అందుకే మీరు రాయాలండీ. మీరు తిడితే సినిమా చూడనివాళ్లు కూడా చదువుతారు. పోయినసారి దిండు గుర్తుందిగా!" అని పొట్ట కదిలేలా నవ్వాడు.

గుర్తుంది.

గురువారం పొద్దున పదకొండింటికి షో. ఐదింటికల్లా రివ్యూ ఇవ్వాలి. ఈలోగా ఒక మనిషికి జ్వరం రావచ్చు. నాకు రాదు. నాకు కావలసినప్పుడు ఏదీ రాదు.

మార్చి 3

అమ్మ ఫోన్. మా ఇంటి వార్తాసంస్థ.

"తమ్ముడు ఇవాళ చేతికర్రతో హాలు దాకా నడిచాడే. వాకర్ పక్కన పెట్టేశాడు. నువ్వెలా ఉన్నావని కూడా అడిగాడు."

"నిజంగా అడిగాడా?"

"అడిగినట్టే. నేను నీకు ఫోన్ చేస్తుంటే టీవీ సౌండ్ తగ్గించాడు."

రెండేళ్లుగా మా మధ్య మాటలు ఇలాగే నడుస్తున్నాయి, టీవీ సౌండ్ ద్వారా.

తమ్ముడు స్టంట్ మనిషి. ఉక్కురెక్క ముసుగులో ఉండేది వాడే. ముఖం కనిపించే షాట్లు హీరోవి, ఎముకలు కదిలే షాట్లు మా వాడివి. పోయిన సెప్టెంబరులో ఈ ఐదో భాగం షూటింగులోనే పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. రెండు కడ్డీలు, పదకొండు మరలు వేశారు. ఉక్కురెక్క ఒంట్లో నిజంగా ఉక్కు ఉన్నది మా వాడికొక్కడికే.

ఆస్పత్రికి ఒకసారి వెళ్లాను. నిద్ర నటించాడు. పడటం వాడికి వచ్చిన విద్య, నటించడం కాదు. కనురెప్పలు వణుకుతూనే ఉన్నాయి. ద్రాక్షపళ్లు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

కోపాలేమీ లేవు. వాడి పని వాడిది, నా పని నాది. అంతే.

మార్చి 4

రాయడానికి ఏమీ లేదు. దిండు గురించి అసలే లేదు.

మార్చి 4, మళ్లీ

సరే, దిండు.

నాలుగో భాగంలో ఉక్కురెక్క మూడో అంతస్తు నుంచి దూకుతాడు. ఆ రివ్యూలో నేను ఇలా రాశాను: "దూకింది మనిషి కాదు, గుడ్డలు కుక్కిన బొమ్మ అని పసిపిల్లలకు కూడా తెలుస్తుంది. దీనికంటే మా ఇంటి దిండు బాగా నటిస్తుంది. దానికి కనీసం బరువైనా ఉంది."

నా జీవితంలో ఎక్కువమంది చదివిన వాక్యాలు ఇవే. జనం ఫోన్లలో పంచుకున్నారు. ఎవరో దిండుకి ముసుగు తొడిగి బొమ్మ గీశారు. ఎడిటర్ ఆఫీసులో అందరికీ కేకు పంచాడు. పద్దెనిమిదేళ్లు మంచి సినిమాల గురించి రాశాను, ఒక్క దానికీ కేకు లేదు.

ఆ రోజు మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, ఆ మూడో అంతస్తు జంప్ చూశావా?"

"ఏది, దిండుదా?" అన్నాను. అని నవ్వాను. నా జోకుకి నేనే ముందు నవ్వడం నాకున్న జబ్బు.

"అది నేనే," అన్నాడు. "బొమ్మ కాదు. ఏడు టేకులు దూకాను."

నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను. మొదలుపెట్టిన నవ్వు ఆపడానికి కొంత టైము పడుతుంది. అది ఆగేలోపు వాడు ఫోన్ పెట్టేశాడు.

ఆ జంప్ వాడిదని నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే అలా రాసేదాన్నా? చెప్పలేదు. నాకు తెలియని దానికి నా తప్పేముంది?

మార్చి 5, గురువారం

ప్రెస్ షో. హాలు బయట సమోసా సైజులో శాండ్‌విచ్‌లు, వాటి వెనక వరుసలో మా వృత్తి గౌరవం.

దర్శకుడు నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు. గదిలో కూడా నల్ల కళ్లద్దాలు. నేను ఎవరి అక్కనో అతనికి తెలియదు. తెలియాల్సిన అవసరం రాలేదు.

"మేడమ్! మీ రివ్యూ మా ఆఫీసు గోడకి అంటించాం తెలుసా? దిండు అన్నారు కదా, కసి పెరిగింది. ఈసారి ఆ మాట ఎవరూ అనకూడదని ఒక జంప్ పెట్టించా. రెండో అంతస్తు నుంచి లారీ టాపు మీదికి. నాలుగు సెకన్లు, మధ్యలో కట్ లేదు. నిజం మనిషి. అచ్చంగా మీ కోసం!"

"దూకిందెవరు?" అన్నాను.

"మా స్టంటతను. కొంచెం దెబ్బ తగిలింది, ఇప్పుడు బానే ఉన్నాడు. శాండ్‌విచ్ తీసుకున్నారా?"

తుంటి మీద కొడితే పళ్లు రాలాయని సామెత. నేను పళ్లు రాలగొడదామని రాస్తే తుంటి విరిగింది.

లోపలికెళ్లి కూర్చున్నాను. సినిమా మామూలే. హీరోకి తండ్రితో సమస్య. ఈ వీరులెవరికీ తల్లితో ఏ గొడవా ఉండదు, మా అమ్మ ఒక్క వారం ఫోన్ చేస్తే తెలిసేది. ఆకాశం నుంచి నీలం కాంతి దిగుతుంది, ఊరి మధ్యలోనే దిగుతుంది. ఊరు కూలుతుంది. మర్నాడు ఎవరూ చీపురు పట్టరు. హీరోని కట్టేసి చంపేసే అవకాశం వచ్చినప్పుడు విలన్ తన పథకం మొత్తం పూస గుచ్చినట్టు వివరిస్తాడు. వినేవాళ్లు దొరకని మనుషులు చేసే పనే అది, వాడి మీద నాకు జాలి వేసింది. హీరో కీలకమైన చోటల్లా ముసుగు తీసేస్తాడు, ముఖం మరిచిపోతామని భయం.

రెండు గంటలు దాటాక ఆ షాట్ వచ్చింది.

నా ఎడమ పక్కనతను పాప్‌కార్న్ అడుగున వెతుక్కుంటున్నాడు. కుడి పక్కనామె ఫోన్ చూసుకుంటోంది. తెర మీద ముసుగు మనిషి బాల్కనీ గోడ ఎక్కి దూకాడు. వీపుకి కంప్యూటర్‌లో గీసిన రెక్కలు మిలమిల మెరుస్తున్నాయి, చుట్టూ నిప్పురవ్వలు. కింద లారీ. ఎడమ కాలు ముందు పడింది, పక్కకి తిరిగి పడింది. మోకాలు వెళ్లకూడని వైపు వెళ్లబోతుండగా షాట్ మారింది. హీరో ముఖం. పెదవి పక్కన లిప్‌స్టిక్ అంత నీటుగా ఒక రక్తపు గీత.

పాప్‌కార్న్ అతనికి అడుగున ఒక పలుకు దొరికింది.

బయటికొచ్చి కాసేపు మెట్ల మీద కూర్చున్నాను. హాల్లో ఏసీ మరీ ఎక్కువగా పెడుతున్నారు, కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఎవరైనా ఫిర్యాదు చెయ్యాలి.

ఇంకో సంగతి ఉంది. ఎవరూ చదవరు కాబట్టి రాస్తాను. అది మా తమ్ముడని నాకు తెలుసు. వాడి తుంటి విరుగుతోందని తెలుసు. తెలిసి చూసినా నాకది బొమ్మలాగే కనిపించింది.

నాలుగున్నరకి రివ్యూ పంపాను. "ఊపిరి బిగబట్టించే నాలుగు సెకన్లు. ఈ జంప్ ముందు తల వంచాల్సిందే." ఐదుకి నాలుగు నక్షత్రాలు.

ఎడిటర్ చదివి నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఒంట్లో బాగానే ఉందా?"

"బానే ఉంది."

"నాలుగు నక్షత్రాలు పడ్డాయి. చెయ్యి జారిందేమోనని."

"జారలేదు."

మార్చి 6, శుక్రవారం

రివ్యూ అచ్చయింది. పాఠకుల ఉత్తరాలు వరదలా వస్తున్నాయి. నేను అమ్ముడుపోయానని వాళ్ల అభిప్రాయం. ఒకాయన నాకు కళ్లద్దాలు కొనిపెడతానన్నాడు.

నేను మాత్రం తేలిగ్గా ఉన్నాను. తమ్ముడు చదువుతాడు. సంతోషిస్తాడు. రెండేళ్ల పుండు మానిపోతుంది. ఇలాంటి పని ఎప్పుడో చెయ్యాల్సింది.

మధ్యాహ్నం అమ్మ ఫోన్.

"చదివాడే."

"ఏమన్నాడు?"

"పేపర్ మడిచి బీరువా కాలు కింద పెట్టాడు. ఆ బీరువా ఊగుతోందిలే చాన్నాళ్లుగా." తర్వాత గొంతు తగ్గించింది. "జాలి రాతలు రాయొద్దని మీ అక్కకి చెప్పు అన్నాడు. తిడితేనే నయమట."

గోరుచుట్టు మీద రోకటిపోటు. తిడితే బాధ, పొగిడితే ఇంకా బాధ. వీడికి ఎన్ని నక్షత్రాలిస్తే సరిపోతుందో ఎవరైనా చెబితే బాగుండు.

మార్చి 7, శనివారం

వెళ్లాను.

వాళ్లుండేది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. ఇరవై ఎనిమిది మెట్లు. ఎక్కుతూ ఇరవై ఎనిమిది రకాలుగా ఏం చెప్పాలో అనుకున్నాను. అమ్మ తలుపు తీసి, నన్ను చూసి, పెద్దగా "ఎవరొచ్చారో చూడరా!" అంది. వాడికి చూడకుండా తప్పించుకునే వీలు లేదు, తలుపుకి ఎదురుగానే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చీలమండకి ఇసుక సంచి కట్టుకుని ఎడమ కాలు ఎత్తుతూ దించుతూ ఉన్నాడు. ఆ కాలు చిక్కిపోయి కుడి కాల్లో సగం ఉంది. నేను దాన్నే చూస్తున్నానని వాడు చూశాడు.

"జాలి రివ్యూలు రాయడం ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాడు. రెండేళ్లలో మొదటి మాట.

"కొత్తగా నేర్చుకున్నా. ఇంకా చెయ్యి తిరగలేదు."

నవ్వలేదు. కాలు పన్నెండోసారి ఎత్తి దించాడు. లెక్క పెదవుల మీద కనిపిస్తోంది.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. పేపర్లో రాసేది కాదు, నిజం. మనిషి దూకినట్టు కనిపించిందా?"

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి నాకు కళ్లతో సైగలు చేస్తోంది. అవుననమని. ఆవిడ కళ్లు అంత పెద్దవి చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

"లేదు," అన్నాను. "రెక్కలు అతికించారు. నిప్పురవ్వలు కలిపారు. అంతా కలిసి బొమ్మలాగే ఉంది."

"అదేం మాటే! కాలు విరగ్గొట్టుకున్నవాడితో అనే మాటేనా?" అని అమ్మ అరిచింది.

"ఉండమ్మా," అన్నాడు తమ్ముడు. చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. ఎదురింటివాళ్లు దుప్పట్లు ఆరేసుకుంటున్నారు. "ట్రైలర్‌లో దూకబోయే ముక్క చూసినప్పుడే అనుకున్నా. రెక్కలు వద్దు సార్, జంప్ చచ్చిపోతుందని షూటింగులోనే చెప్పాను. వింటేగా." మళ్లీ కాలు ఎత్తాడు. "ఏ టేకు వాడారు?"

"నాకేం తెలుసు?"

"ఏ కాలు ముందు పడింది?"

"ఎడమది."

కాలు గాల్లోనే ఆగిపోయింది. "అయితే ఐదోది. విరిగిన టేకు." నెమ్మదిగా దించాడు. "మొదటిది బాగా వచ్చింది అక్కా. రెండు కాళ్లూ కలిపి, పిల్లిలా దిగాను. యూనిట్ మొత్తం చప్పట్లు కొట్టింది. డైరెక్టర్ ఇంకోటి చేద్దామన్నాడు."

అడగాలని లేదు, కానీ అడిగాను. "మీ డైరెక్టర్ ఆఫీసు గోడకి అంటించిన నా రివ్యూ వల్లేనా ఇదంతా?"

అప్పుడు నా వంక సరిగ్గా చూశాడు.

"నీకంత సీన్ లేదక్కా. నువ్వు రాయకపోతే ఇంకో కారణం చెప్పి దూకించేవాడు. దూకమంటే దూకడం నా పని. కాలు పక్కకి పెట్టింది నేను. అది నా తప్పు."

నాకంత సీన్ లేదట. ఇంతకంటే హాయి కలిగించే విమర్శ నేను ఇంతవరకు వినలేదు. అక్కడితో ఊరుకుని లేచి వచ్చేస్తే బాగుండేది.

"మరి రెండేళ్లు ఎందుకు మాట్లాడలేదు?"

"సెట్లో అందరూ నన్ను దిండన్నా అని పిలిచేవాళ్లు. టీ ఇచ్చేవాళ్లు కూడా. అది కూడా పర్లేదు. ఆ మూడో అంతస్తు జంప్ నాదని నీకు ముందే చెప్పానని అమ్మ తర్వాత అంది. తెలిసీ రాశావనుకున్నా."

"నాకెవరూ..." అని మొదలుపెట్టాను.

"చెప్పానే," అంది అమ్మ గుమ్మంలోంచి. "సినిమా రావడానికి ముందు రోజే. వీడు మేడ మీంచి దూకాడట, ఏడుసార్లు, నా గుండె ఆగిపోయింది అని చెప్పాను. నువ్వు ఊఁ అన్నావు."

అన్నాను. నిన్నమొన్నటి వరకు గుర్తు లేదు అనుకున్నాను కానీ గుర్తే ఉంది. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య నొక్కిపట్టి ఏదో టైపు చేస్తున్నాను. అమ్మ చెబుతోంది, నేను ఊఁ అంటున్నాను. అమ్మ ఏం చెప్పినా నేనంతే.

"తెలిసి రాయలేదురా," అన్నాను. "అమ్మ చెప్పింది. నేనే వినలేదు."

దానికంటే తెలిసి రాయడమే మేలనిపించింది, నోట్లోంచి మాట బయటికొచ్చాక. ఇంకా కొన్ని మాటలు చెప్పాను. ఏం చెప్పానో ఇక్కడ రాయను. పద్దెనిమిదేళ్లు రాసిన చెయ్యే గానీ ఆ మాటలు రాయడం దానికి రాదు. చెబుతున్నంతసేపూ వాడు ఇసుక సంచి ముడి విప్పుతూనే ఉన్నాడు. ఒక్క ముడికి అంతసేపు పట్టదు.

"సరే," అన్నాడు చివరికి. "రేపు మ్యాట్నీకి టికెట్లు తియ్యి. నేనింకా చూడలేదు. మెట్లు దిగొచ్చని డాక్టర్ చెప్పాడు."

"అంత చెత్త సినిమా చూస్తావా?"

"నాలుగు నక్షత్రాలిచ్చావుగా."

మార్చి 8, ఆదివారం

ఒక సినిమాని నా చేతి డబ్బుతో రెండోసారి చూశాను. ఇది ఎవరికీ తెలియకూడదు.

మెట్లు దిగడానికి పావుగంట పట్టింది. పట్టుకోబోతే విదిలించాడు. నేను నాలుగు మెట్లు కింద నడిచాను, పడితే నా మీద పడతాడని. వాడు పడితే నేనేం ఆపగలను, ఇద్దరం కలిసి దొర్లుతాం. అయినా నడిచాను.

హాలు నిండుగా ఉంది. వరుస చివరి సీట్లు తీసుకున్నాం, కాలు దారిలోకి చాపుకోవడానికి. సినిమా పొడుగునా నా చెవిలో గొణుగుతూనే ఉన్నాడు. "ఇది నేను. ఇది నేను కాదు. ఇది నేనే, కానీ తాడు చెరిపేశారు. ఇది ఇంకో అతను, చెయ్యి చూడు, ఎంత వంకరో." ముసుగు లోపల మనిషి మారినప్పుడల్లా చెప్పాడు. నేను పద్దెనిమిదేళ్లలో ఒక్కసారీ కనిపెట్టలేదు. చెప్పాక మాత్రం కనిపించింది. తమ్ముడు దూకేముందు ఎప్పుడూ భుజాలు ఒకసారి కిందికి దించుతాడు. చిన్నప్పుడు గోడ దూకేటప్పుడు కూడా అంతే చేసేవాడు.

ఆ షాట్ వచ్చేముందు మాటలు ఆగిపోయాయి. కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నాలుగు సెకన్లు. ఎడమ కాలు. హీరో ముఖం.

"మొదటిది బాగుంది అక్కా," అన్నాడు. అంతే.

సినిమా అయిపోయింది. ఒక్కళ్లూ లేవలేదు. పేర్లన్నీ పోయాక చివర్లో ఆరో భాగం ముక్క ఒకటి వేస్తారు, దానికోసం అందరూ ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. తెర మీద వందల పేర్లు పైకి పోతున్నాయి. గుంపు కదిలితే కష్టమని మేం ముందే లేచాం. వాడు కర్ర ఊతంతో నెమ్మదిగా నడుస్తుంటే వాడి నీడ తెర మీద పడింది.

"ఓ కర్రాయనా, అడ్డం! కూర్చోండి, సీన్ వస్తోంది!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

నేను వెనక్కి తిరిగాను. నేను గొంతు పెంచే మనిషిని కాదు, నా కోపం ఎప్పుడూ కాగితం మీదే.

"ఇందాక ఆ లారీ మీదికి దూకింది ఈయనే! మీకోసం దూకి తుంటి విరగ్గొట్టుకున్నాడు! రెండు నిమిషాలు అడ్డం ఉంటే ఏమైందట?"

అరిచినతను నిజంగానే తెలియక, మర్యాదగా అడిగాడు:

"ఏ లారీ అండీ?"

పక్కనామెని అడిగాడు. "లారీ ఉందా సినిమాలో?" ఆవిడ తల అడ్డంగా ఊపింది.

తమ్ముడు నవ్వడం మొదలుపెట్టాడు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత కర్ర వణికింది, తర్వాత నిలబడలేక దారి మధ్య మెట్టు మీద కూలబడ్డాడు. కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. "ఏ లారీ అండీ!" అంటున్నాడు, మళ్లీ నవ్వుతున్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను. నాకూ ఆగలేదు. ఎవరో ఉష్ అన్నారు.

మా వెనక తెర మీద ఆరో భాగం ముక్క వచ్చింది. మేం తిరిగి చూడలేదు. అందరూ ఈలలు వేశారు, అంటే మళ్లీ బతికాడన్నమాట.

ఈలల్లోనే వాడు చెప్పాడు, నవ్వు ఇంకా ముఖం మీద ఉండగానే.

"డాక్టర్ చెప్పేశాడక్కా. నడుస్తాను, మెట్లెక్కుతాను. జంప్‌లు మాత్రం ఇక లేవు. ఒక్కటి కూడా."

"ఎప్పుడు చెప్పాడు?"

"నెలైంది. అమ్మకి చెప్పలేదు."

జనం మా పక్క నుంచి దిగి వెళ్లిపోయారు. ఒకావిడ నా పాదం తొక్కి సారీ చెప్పింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి నోరు తెరిచాను. ఏ వాక్యం తయారుగా లేదు. ఊఁ అనలేదు. విన్నాను. ఊడ్చేవాళ్లు వచ్చి లేవమనేదాకా చెబుతూనే ఉన్నాడు, నేను వింటూనే ఉన్నాను.

మార్చి 9, సోమవారం

పొద్దున్నే ఫోన్. అమ్మ అనుకున్నాను. తమ్ముడు, నేరుగా.

"ఇవాళ ఫిజియో దగ్గరికి నువ్వు తీసుకెళ్తావా? ఎనిమిదింటికి. దార్లో అమ్మకి ఎలా చెప్పాలో ఆలోచించాలి."

"చెప్పడానికేముందిరా. ఇక నువ్వు దూకవంటే ఆవిడ సంతోషిస్తుంది."

"అదేనక్కా," అన్నాడు. "ఆ సంతోషమే చూడలేను."

ఆఫీసుకి సెలవు పెట్టాను. చెప్పులు వేసుకుని రాస్తున్నాను ఇది. ఏడున్నరయింది.